ప్రాచీన గ్రీకులోకి ఆంగ్ల పదాల అనువాదం

ప్రాచీన గ్రీకులోకి ఆంగ్ల పదాల అనువాదం అనగా నేటి ఇంగ్లీషులో నిత్యం వాడే మాటలకు, వాక్యాలకు సుమారు రెండున్నర వేల సంవత్సరాల నాటి గ్రీకు భాషలో తగిన రూపాలను కూర్చే విద్య. ఐరోపా పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో దీనిని "గ్రీకు రచన" అనే అభ్యాసంగా చాలా కాలం నేర్పారు. ఇప్పుడు విద్యార్థులతో పాటు సంస్థలకు ధ్యేయవాక్యాలు కూర్చేవారు, శాస్త్ర పదాలను నిర్మించేవారు, గ్రీకు మీద ఇష్టంతో కథలు, పద్యాలు రాసేవారు కూడా ఈ పని చేస్తున్నారు.

ఒక ఆంగ్ల పదానికి ఒక గ్రీకు పదం చొప్పున జాబితా తయారు చేసుకొంటే ఈ అనువాదం సాధ్యం కాదు. చిన్న చిన్న మాటలే ఎక్కువ చిక్కులు పెడతాయి. "అవును", "నాకు ఉన్నది", "తెలుసు", "కడుగు" వంటి మాటలను గ్రీకులో చెప్పాలంటే ముందుగా ఆంగ్ల పదం ఆ వాక్యంలో ఏ అర్థంలో వచ్చిందో తేల్చుకోవాలి. ఇంగ్లీషుకు, గ్రీకుకు పొంతన కుదరని అనేక సందర్భాలలో తెలుగు పలుకుబడి గ్రీకుకు దగ్గరగా ఉండటం తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం.

ఏ కాలపు గ్రీకు?

గ్రీకు భాషకు మూడు వేల సంవత్సరాలకు మించిన లిఖిత చరిత్ర ఉన్నది. కాబట్టి అనువాదకుడు మొదట కాలాన్ని, మాండలికాన్ని నిర్ణయించుకోవాలి.

- హోమర్ గ్రీకు: ఇలియడ్, ఒడిస్సీ కావ్యాల భాష. ఇది పద్యానికి మాత్రమే తగినది.
- అట్టిక్ గ్రీకు: క్రీ.పూ. 5, 4 శతాబ్దాలలో ఏథెన్స్ నగరంలో వాడిన మాండలికం. ప్లేటో, జెనొఫోన్, లిసియాస్, డెమోస్తనీస్ మొదలైనవారి వచనం ఇందులోనే ఉన్నది. పాఠశాలల్లో అనువాద అభ్యాసం సాధారణంగా ఈ భాషలోకే జరుగుతుంది.
- కొయినే గ్రీకు: అలెగ్జాండర్ (మరణం క్రీ.పూ. 323) దండయాత్రల తరువాత తూర్పు మధ్యధరా ప్రాంతమంతటా వ్యాపించిన సామాన్య భాష. బైబిలు కొత్త నిబంధన ఈ భాషలో రాయబడినది.

ఈ భేదాలు ఉచ్చారణలో కూడా కనిపిస్తాయి. "సముద్రం" అనే మాట అట్టిక్‌లో "థలత్త", అయోనిక్ మాండలికంలోను కొయినేలోను "థలస్స". ఒకే వాక్యంలో హోమర్ మాటను, అట్టిక్ మాటను, కొత్త నిబంధన మాటను కలిపి వాడితే అది నన్నయ పదాన్ని, నేటి వార్తాపత్రిక పదాన్ని ఒకే వాక్యంలో కూర్చినట్లు ఉంటుంది. యంత్రానువాద సాధనాల్లో "గ్రీకు" అని ఉండేది సాధారణంగా ఆధునిక గ్రీకు. దానిని ప్రాచీన గ్రీకుగా భావించి వాడటం తరచుగా జరిగే పొరపాటు.

లిపి, ఉచ్చారణ

ప్రాచీన గ్రీకు ధ్వనులను తెలుగు లిపిలో చాలా వరకు యథాతథంగా రాయవచ్చును. గ్రీకులో క-ఖ-గ, త-థ-ద, ప-ఫ-బ అనే మూడేసి స్పర్శ ధ్వనులు ఉండేవి. ఇంగ్లీషు వారు నేడు ఊదినట్లు పలికే "ఫ" ఆ కాలంలో మన ఒత్తు "ఫ" వలె ఉండేది. అలాగే ఎ, ఏ లకు, ఒ, ఓ లకు గ్రీకులో వేరువేరు అక్షరాలు ఉన్నవి. సంస్కృతంలో హ్రస్వ ఎ, ఒ లు లేవు, తెలుగులో ఉన్నవి. అందువల్ల హ్రస్వదీర్ఘ భేదం తెలుగు లిపిలో చెడదు.

ఈ వ్యాసంలో గ్రీకు మాటలు ఈ పద్ధతిలోనే ఇవ్వబడినవి. ఇ, ఉ లకు నడిమి ధ్వనిగా ఉండిన అచ్చును "ఉ" అని రాయడం జరిగినది. స్వరభేదాలను గుర్తులతో చూపలేదు.

చరిత్ర

ఇతర భాషల నుండి గ్రీకులోకి అనువాదం చేసే పని ఇంగ్లీషు భాష పుట్టడానికి ముందే ఉన్నది. రెండు ఉదాహరణలు ముఖ్యమైనవి.

మొదటిది సెప్తువజింత్. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదుల ధర్మగ్రంథాలను హీబ్రూ నుండి గ్రీకులోకి మార్చడం ప్రారంభమైనది. దైవ "మహిమ" అనే అర్థం గల హీబ్రూ పదానికి అనువాదకులు "దొక్స" అనే గ్రీకు పదాన్ని ఎన్నుకొన్నారు. అంతకు ముందు ఆ మాటకు "అభిప్రాయం", "ఇతరులు అనుకొనేది", "కీర్తి" అనే అర్థాలు ఉండేవి. ఈ అనువాదం తరువాత "మహిమ" అనే కొత్త అర్థం స్థిరపడి కొత్త నిబంధనలోకి కూడా వెళ్ళినది. ఒక అనువాదకుని ఎన్నిక ఒక భాషలోని పదం అర్థాన్నే మార్చగలదనడానికి ఇది నిదర్శనం.

రెండవది అశోకుని శాసనం. ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్ వద్ద 1958లో గ్రీకు, అరమాయిక్ భాషలలో ఉన్న అశోకుని శిలాశాసనం బయటపడినది. ఇది సుమారు క్రీ.పూ. 258 నాటిది. ఇందులో "ధర్మం" అనే మాటకు గ్రీకు పాఠంలో "ఎవుసెబెయ" అని ఉన్నది. దేవతల పట్ల, పెద్దల పట్ల చూపవలసిన భక్తిశ్రద్ధలు అని దాని అర్థం. అరమాయిక్ పాఠంలో "సత్యం" అనే అర్థం గల మాట వాడబడినది. ఒకే బండపై ఒకే మాట రెండు భాషల్లో రెండు దారులు పట్టినది. ధర్మం అనే పదంలోని విస్తృతి అంతటినీ మోయగల మాట రెంటిలోనూ లేదు.

ఇంగ్లండులో 19వ శతాబ్దంలో గ్రీకు రచన ఉన్నత విద్యలో ప్రధానాంశంగా ఉండేది. ఆక్స్‌ఫర్డ్‌లో టామస్ గైస్‌ఫర్డ్ (మరణం 1855) పేరిట, కేంబ్రిడ్జిలో సర్ విలియం బ్రౌన్ పేరిట గ్రీకు రచనలకు బహుమతులు ఏర్పడినవి. ఆర్థర్ సిడ్జ్‌విక్ రాసిన పాఠ్యపుస్తకం 1876లో, నార్త్, హిల్లార్డ్ కలిసి రాసినది 1898లో వెలువడినవి. కేంబ్రిడ్జి 1919లో, ఆక్స్‌ఫర్డ్ 1920లో ప్రవేశానికి గ్రీకు తప్పనిసరి అనే నియమాన్ని తొలగించిన తరువాత ఈ అభ్యాసం క్రమంగా తగ్గినది.

అయినా ఆగిపోలేదు. ఆండ్రూ విల్సన్ హారీ పాటర్ మొదటి నవలను ప్రాచీన గ్రీకులోకి అనువదించగా అది 2004లో ప్రచురితమైనది. శైలికి ఆయన క్రీ.శ. 2వ శతాబ్దపు హాస్య రచయిత లూసియన్‌ను ఆదర్శంగా తీసుకొన్నారు. 2012 లండన్ ఒలింపిక్ క్రీడల సందర్భంగా ఆక్స్‌ఫర్డ్ పండితుడు ఆర్మండ్ డాంగూర్ పిండార్ పద్ధతిలో గ్రీకు గీతాన్ని రచించారు.

ఒక ఆంగ్ల పదానికి అనేక గ్రీకు పదాలు

ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టే భావాలను గ్రీకు విడదీసి చెబుతుంది. కొన్ని ఉదాహరణలు:

- వాష్: ఒంటికి స్నానం చేయించడం "లూఓ", చేతులు కాళ్ళు కడగడం "నిజ్దో", బట్టలు ఉతకడం "ప్లునో". తెలుగులోనూ స్నానం, కడుగు, ఉతుకు అని వేరువేరుగా అంటారు. ఇంగ్లీషు వాక్యాన్ని ముందు తెలుగులో అనుకొంటే ఏ గ్రీకు మాట కావాలో వెంటనే తెలుస్తుంది.
- నో: ఒక సంగతి తెలిసి ఉండటం "ఒయ్ద", గుర్తించడం, తెలుసుకోవడం "గిగ్నోస్కో", ఒక పని చేయడం వచ్చి ఉండటం "ఎపిస్తమై". మొదటిది సంస్కృతంలోని "వేద" (తెలుసు) అనే క్రియకు, రెండవది "జ్ఞా" ధాతువుకు సోదర పదాలు. వేదం, జ్ఞానం అనే మాటలు ఆ మూలాల నుండే వచ్చినవి.
- టైమ్: కొలిచే కాలం "ఖ్రొనొస్", అదను లేదా తగిన సమయం "కైరొస్", ఋతువు లేదా రోజులోని భాగం "హోరా". ఈ చివరి మాటే సంస్కృత జ్యోతిష గ్రంథాలలోకి "హోర"గా వచ్చి తెలుగు పంచాంగాలలోనూ నిలిచినది.
- మ్యాన్: మనిషి అనే అర్థంలో "అంత్రోపొస్" (గ్రీకులో థకారంతో "అంథ్రోపొస్"), మగవాడు లేదా భర్త అనే అర్థంలో "అనేర్". రెండవది సంస్కృత "నర" శబ్దానికి బంధువు.
- లైఫ్: బతుకు తీరు, ఆయుష్కాలం "బియొస్", ప్రాణంతో ఉండటం "జ్దోయే", ఊపిరి, ఆత్మ "ప్సుఖే".
- రైట్: కుడి పక్కది "దెక్సియొస్", సరియైనది "ఒర్థొస్", న్యాయమైనది "దికైయొస్". హక్కు అనే అర్థానికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు. "చేయడానికి వీలున్నది" అనే అర్థం గల "ఎక్సెస్తి"తో వాక్యం తిప్పి రాస్తారు.
- బ్యాంక్: నది ఒడ్డు "ఒఖ్థే". డబ్బు దాచే చోటు "త్రపెజ్ద", అనగా బల్ల. ఏథెన్స్‌లో నాణేలు మార్చేవారు బల్ల పెట్టుకొని కూర్చొనేవారు. నేటి గ్రీసులోనూ బ్యాంకును అదే మాటతో పిలుస్తారు.
- అదర్: ఇంకొకరు "అల్లొస్", ఇద్దరిలో రెండవవారు "హెతెరొస్".
- బ్రెడ్: గోధుమ రొట్టె "అర్తొస్". బార్లీ పిండితో చేసిన ముద్ద "మజ్ద". పేదల భోజనం గురించి రాసేటప్పుడు ఈ తేడా ముఖ్యం.

"లవ్" అనే మాట

ప్రేమకు గ్రీకులో నాలుగు మాటలున్నాయని తరచుగా చెబుతారు: కామప్రధానమైన "ఎరోస్", స్నేహ బాంధవ్యాల "ఫిలియా", తల్లిదండ్రుల వాత్సల్యం "స్తొర్గే", నిస్వార్థ ప్రేమ "అగపే". సి.ఎస్. లూయిస్ 1960లో ప్రచురించిన పుస్తకం ద్వారా ఈ విభజన ఎక్కువ ప్రచారం పొందినది. అయితే ప్రాచీన రచయితలు ఈ గీతలను ఇంత కచ్చితంగా పాటించలేదు. "అగపే" అనే నామవాచకం అట్టిక్ వచనంలో దాదాపు కనిపించదు. సెప్తువజింత్‌లోని పరమగీతంలో స్త్రీపురుషుల ప్రేమకు కూడా అదే మాట వాడబడినది. కనుక అనువాదకుడు ప్రేమించేది ఎవరు, ఎవరిని, ఏ కాలపు భాషలో అన్న మూడు ప్రశ్నలు వేసుకొని మాటను ఎన్నుకోవాలి.

విడి మాటలు లేని ఆంగ్ల పదాలు

- ఎస్, నో: అడిగిన క్రియనే తిరిగి చెప్పడం గ్రీకు పద్ధతి. "వచ్చావా?" అంటే "వచ్చాను" అనడం వంటిది. "నై" (అవును), "పాను గె" (తప్పకుండా), "మలిస్త" (అంతే కదా) అనే మాటలు కూడా సందర్భాన్ని బట్టి వస్తాయి. కాదనడానికి "ఊ", "హేకిస్త" వంటివి ఉన్నవి.
- హ్యావ్: "ఎఖో" అనే క్రియ ఉన్నది. అయితే సొంతం అనే భావానికి "ఎస్తి మొయ్", అనగా "నాకు ఉన్నది" అనే వాక్య నిర్మాణం కూడా బాగా వాడుకలో ఉన్నది. తెలుగులో సహజమైనది ఇదే.
- ప్లీజ్: "ఎయ్ దొకెయ్" (నీకు సమ్మతమైతే) లేదా "దెయొమై సూ" (నిన్ను కోరుతున్నాను).
- థ్యాంక్యూ: "ఖరిన్ ఎఖో", అనగా కృతజ్ఞత కలిగి ఉన్నాను. "ఎపైనో" (మెచ్చుకొంటున్నాను) కూడా వాడుతారు. కొన్ని సందర్భాలలో ఇది "వద్దులెండి, చాలు" అనే మర్యాదపూర్వక నిరాకరణ కూడా అవుతుంది.
- హలో, గుడ్‌బై: రెంటికీ ఒకే మాట. ఒకరితో "ఖైరె", పలువురితో "ఖైరెతె". సంతోషంగా ఉండు, ఉండండి అని అర్థం.
- రిలిజియన్: మతం అనే నేటి భావానికి సరిపడే ఒకే మాట లేదు. భక్తి అయితే "ఎవుసెబెయ", పూజా విధులు అయితే "థ్రేస్కెయా", దైవ విషయాలు అనాలంటే "త థెయ". సంస్కృతంలో "మతం" అంటే అభిప్రాయం అని మొదటి అర్థం అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.
- బ్లూ: "కువనూస్" ముదురు నీలం వైపు, "గ్లవ్కొస్" మెరిసే లేత నీలి బూడిద రంగు వైపు మొగ్గుతాయి. తరువాత బ్రిటిష్ ప్రధానమంత్రి అయిన విలియం గ్లాడ్‌స్టన్ 1858లో హోమర్‌పై ప్రచురించిన గ్రంథంలో ఆ కవి రంగుల మాటలు నేటి విభజనకు లొంగవని చూపారు. గ్రీకులకు నీలం కనిపించదని దీని అర్థం కాదు. వారి భాష రంగులను వేరుగా విభజించినది.

వ్యాకరణం తెచ్చే తేడాలు

సర్వనామాలు: "నువ్వు"కు "సు", "మీరు"కు "హుమెయ్స్", ఇద్దరికి మాత్రమే "స్ఫో". సంస్కృతంలో వలె గ్రీకులోనూ ద్వివచనం ఉన్నది. కాని బహువచనాన్ని గౌరవానికి వాడే అలవాటు అట్టిక్‌లో లేదు. రాజునైనా "సు" అనే పిలుస్తారు. మర్యాదను "ఓ బెల్తిస్తె" (ఓ ఉత్తముడా) వంటి సంబోధనలతో తెలియజేస్తారు. తెలుగులోని మనం, మేము అనే భేదం గ్రీకులో గాని ఇంగ్లీషులో గాని లేదు.

నిషేధం: జరగలేదు, కాదు అని చెప్పడానికి "ఊ", చేయవద్దు, కాకూడదు అనడానికి "మే". ఇంగ్లీషులో రెంటికీ "నాట్" ఒకటే. తెలుగులో "లేదు", "వద్దు" అనే భేదం తెలిసినవారికి ఇది కష్టం కాదు.

మధ్యమ రూపం: గ్రీకు క్రియలకు కర్తరి, కర్మణి రూపాలతో పాటు మూడవది ఒకటి ఉన్నది. పని ఫలితం చేసేవానికే చెందుతుందని అది తెలుపుతుంది. తెలుగులో "కొను" చేసే పని ఇది. "లూఓ" అంటే స్నానం చేయించు, "లూమై" అంటే స్నానం చేసుకొను. "మిస్థో" అంటే అద్దెకు ఇచ్చు, "మిస్థూమై" అంటే అద్దెకు తీసుకొను. ఇంగ్లీషులో ఇచ్చేవారికీ తీసుకొనేవారికీ "రెంట్" ఒకటే మాట కనుక ఎవరు ఎవరో చూడకుండా అనువదిస్తే ఇంటి యజమాని అద్దెదారు అవుతాడు.

అసమాపక నిర్మాణం: ఇంగ్లీషులో "అతడు వచ్చాడు మరియు చెప్పాడు" అనే తీరులో రెండు సమాపక క్రియలను కలుపుతారు. గ్రీకులో "ఎల్థోన్ ఎయ్పె" అంటారు. తెలుగులో "వచ్చి చెప్పాడు" అన్నట్లే. ఇంగ్లీషు గద్యంలో విరివిగా వచ్చే భావనామాలను విప్పి ఇలా క్రియలుగా మార్చడం గ్రీకు రచన పాఠాలలో ముఖ్య సూత్రం.

విభక్తి: ఒక్కొక్క క్రియ ఒక్కొక్క విభక్తిని కోరుతుంది. సహాయం చేయు అనే అర్థంలో "బొయేథో" చతుర్థిని (అతనికి), "ఓఫెలో" ద్వితీయను (అతనిని) తీసుకొంటాయి. మాట దొరికినా విభక్తి తప్పితే వాక్యం తప్పే అవుతుంది.

ఒక వాక్యం అనువాదం

"దూత యొక్క రాక తరువాత ఉపాధ్యాయుడు బాలురను ఇంటికి పంపెను" అనే అర్థం గల ఆంగ్ల వాక్యాన్ని తీసుకొందాం. ఇంగ్లీషులో "అరైవల్" అనే నామవాచకం ఉంటుంది. గ్రీకులో రాకకు పదం ఉన్నా దానిని వాడనవసరం లేదు.

అఫికొమెనూ తూ అంగెలూ, హొ దిదస్కలొస్ తూస్ పైదస్ ఒయ్కదె అపెపెంప్సెన్.

మొదటి మూడు మాటలు షష్ఠీ విభక్తిలో ఉండి "దూత రాగా" అనే అర్థాన్ని ఇస్తాయి. సంస్కృతంలో సతిసప్తమి చేసే పనిని గ్రీకులో ఈ షష్ఠి చేస్తుంది. "దిదస్కలొస్" ఉపాధ్యాయుడు, "పైదస్" బాలురను, "ఒయ్కదె" ఇంటి వైపుకు, "అపెపెంప్సెన్" పంపివేసెను. "ఇంటికి" అనే దానికి ప్రత్యేకంగా "కు" వంటి విడి మాట అవసరం లేదు. ఆ అర్థం "ఒయ్కదె"లోనే ఇమిడి ఉన్నది. చివర క్రియ రావడం వల్ల వాక్యక్రమం తెలుగు క్రమానికి సరిపోయినది.

ఆధునిక వస్తువులకు మాటలు

ప్రాచీన గ్రీకులు ఎరుగని వస్తువులకు నాలుగు మార్గాలు ఉన్నవి.

1. పాత మాటకు కొత్త అర్థం ఇవ్వడం: "ఎఫేమెరిస్" ఒకప్పుడు దినచర్య లేదా రోజువారీ లెక్కల పుస్తకం, నేటి గ్రీకులో దినపత్రిక. నీటి గడియారాన్ని, నీడ గడియారాన్ని తెలిపిన "హోరొలొగియొన్" నేటి గడియారానికి కూడా సరిపోతుంది.
2. సమాసం చేయడం: సైకిలుకు "పొదేలతొన్" (కాలితో నడిపేది), రైలుకు "హమక్సొస్తొయ్ఖియా" (బండ్ల వరుస). ఇవి ప్రాచీన ధాతువులతో ఆధునిక కాలంలో కూర్చినవి.
3. వర్ణించడం: కథ రాసేటప్పుడు వస్తువు పేరుకు బదులు అది చేసే పనిని చెప్పడం.
4. అరువు తీసుకొని గ్రీకు ప్రత్యయం చేర్చడం: ప్రాచీనులూ ఇదే చేశారు. మిరియాలకు "పెపెరి" అనే మాట మన "పిప్పలి" నుండి, చక్కెరకు "సక్ఖరొన్" అనే మాట భారతీయ "శర్కర" సంబంధ పదం నుండి వెళ్ళినవి.

బంగాళాదుంప, టమాటా, మిరపకాయ అమెరికా ఖండాల నుండి వచ్చినవి కనుక ప్రాచీన గ్రీకులో వాటికి పేర్లు లేవు. "టెలిఫోన్" గ్రీకు మాట వలె కనిపించినా "తేలె" (దూరం), "ఫోనే" (గొంతు) అనే ముక్కలతో 19వ శతాబ్దంలో కూర్చినది. "టెలివిజన్"లో మొదటి సగం గ్రీకు, రెండవ సగం లాటిన్.

రూపం ఒకటి, అర్థం వేరు

ఇంగ్లీషులోకి గ్రీకు నుండి వచ్చిన మాటలను తిరిగి గ్రీకులో అదే అర్థంతో వాడరాదు.

- ఇడియట్: "ఇదియోతేస్" అంటే పదవి లేని సామాన్య పౌరుడు. మూర్ఖునికి "ఏలిథియొస్" అనాలి.
- స్కూల్: "స్ఖొలే" అంటే తీరిక. బడికి "దిదస్కలెయొన్".
- అపాలజీ: "అపొలొగియా" అంటే న్యాయస్థానంలో ఇచ్చే సమాధానం. క్రీ.పూ. 399లో విచారణకు గురైన సోక్రటీసు ప్రసంగంగా ప్లేటో రాసిన గ్రంథం పేరుకు అర్థం ఇదే. అది క్షమాపణ కాదు. క్షమకు "సుంగ్నోమే".
- హిపోక్రిట్: "హుపొక్రితేస్" అంటే నటుడు. కపటి అనే అర్థం తరువాతి కాలంలో వచ్చినది.
- సింపోజియం: "సుంపొసియొన్" అంటే కలిసి మద్యం సేవించే విందు.
- ఏంజెల్: "అంగెలొస్" అంటే వార్తాహరుడు, దూత.

వ్యక్తుల, స్థలాల పేర్లు

పరభాషా నామాలకు గ్రీకులు తమ ప్రత్యయాలు చేర్చి వాడుకొన్నారు. చంద్రగుప్తుడు "సంద్రకొత్తొస్", పాటలీపుత్రం "పలిబొథ్ర", గంగ "గంగేస్" అయినవి. తెలుగు తీరానికి కూడా గ్రీకు పేరు ఉన్నది. క్రీ.శ. 1వ శతాబ్దపు పెరిప్లస్ గ్రంథంలో "మసలియ" ప్రాంతం సన్నని నూలు బట్టకు ప్రసిద్ధమని రాయబడినది. 2వ శతాబ్దంలో టోలెమీ "మైసోలియ" ప్రాంతాన్ని, "మైసోలొస్" నదిని పేర్కొన్నారు. ఆ నది కృష్ణ అని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. నేటి పేర్లను గ్రీకులో రాయదలచినవారు ఈ పాత నమూనాలను అనుసరిస్తారు.

నిఘంటువుల వాడకం

ఇంగ్లీషు నుండి గ్రీకుకు ఎక్కువగా వాడే నిఘంటువు ఎస్.సి. వుడ్‌హౌస్ 1910లో ప్రచురించినది. ఇది అట్టిక్ పదాలకు పరిమితమైనది. ఏ మాట వచనానికి తగినదో, ఏది పద్యానికి తగినదో గుర్తులతో చూపుతుంది. గ్రీకు నుండి ఇంగ్లీషుకు లిడెల్, స్కాట్ కూర్చిన నిఘంటువు మొదటి ముద్రణ 1843లో వెలువడినది. హెన్రీ స్టువర్ట్ జోన్స్, రోడరిక్ మెకెంజీ సవరించిన తొమ్మిదవ ముద్రణ 1940లో పూర్తి అయినది. జేమ్స్ డిగుల్ ప్రధాన సంపాదకత్వంలో కేంబ్రిడ్జి నిఘంటువు 2021లో రెండు సంపుటాలుగా వచ్చినది.

అనుభవజ్ఞులు సాధారణంగా ఈ క్రమాన్ని పాటిస్తారు:

1. ఆంగ్ల పదం ఆ వాక్యంలో ఇచ్చే అర్థాన్ని సులభమైన మాటలలో చెప్పుకోవడం. తెలుగువారు దీనిని తెలుగులోనే చేసుకోవచ్చును.
2. ఇంగ్లీషు-గ్రీకు నిఘంటువులో దొరికిన మాటలన్నిటినీ రాసుకోవడం.
3. ఒక్కొక్కదానిని గ్రీకు-ఇంగ్లీషు నిఘంటువులో తిరిగి చూసి, ఏ రచయిత ఏ సందర్భంలో వాడినదో పరిశీలించడం.
4. ఆ మాట కోరే విభక్తిని, లింగాన్ని, క్రియ అయితే కాలరూపాన్ని సరిచూడడం.
5. చివరగా గ్రీకు వాక్యాన్ని మూలం చూడకుండా చదివి అది ఏమి చెబుతున్నదో పరీక్షించడం.

మూడవ మెట్టును వదిలివేయడం వల్లనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. నిఘంటువు మొదటి వరుసలో ఉన్న మాటను తీసి ధ్యేయవాక్యంగా చెక్కించుకొన్నా, ఒంటిపై పచ్చబొట్టుగా పొడిపించుకొన్నా తరువాత దిద్దుకోవడం కష్టం. "పవర్" అనే మాటకు సామర్థ్యం అయితే "దునమిస్", పెత్తనం అయితే "క్రతొస్", అధికార పదవి అయితే "అర్ఖే" అని మూడు దారులున్నవి. వీటిలో ఏది కావాలో నిఘంటువు చెప్పదు. ఆంగ్ల మాటతో తాను చెప్పదలచినది ఏమిటో రాసేవారే నిర్ణయించుకోవాలి.